గడ్డికి చాలిన జింక్ పశువుకు చాలదు

పశువుల మేతకు పెంచే నేపియర్ గడ్డి మడి నిలువెత్తు పెరిగి నిగనిగలాడుతుంటే మేతకు కొదవ లేదనుకుంటాం. జింక్ విషయంలో మాత్రం ఆ పచ్చదనాన్ని నమ్మడానికి లేదు. ఎండు బరువులో కిలోకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల జింక్ ఉంటే చాలు, గడ్డి మామూలుగానే ఎదుగుతుంది. దాన్ని తినే ఆవుకో గేదెకో కనీసం 30 మిల్లీగ్రాములు కావాలి. ఎండు బరువు లెక్కన రోజుకు 12 కిలోల మేత తినే పాడిపశువుకు 360 మిల్లీగ్రాములు అందాలి. గడ్డిలో కిలోకు 20 మాత్రమే ఉంటే వచ్చేది 240. కడుపు నిండుతుంది, కొరత అలాగే ఉండిపోతుంది. దూడల ఎదుగుదల మందగిస్తుంది, చర్మం పొలుసులు కడుతుంది, గిట్టలు బలహీనపడతాయి, గాయాలు త్వరగా మానవు. కొత్త కణాలు పుట్టాలన్నా, మేతలోని మాంసకృత్తులు అరగాలన్నా జింక్ ఉన్న ఎంజైములే పనిచేయాలి మరి.

జొన్న, మొక్కజొన్న మేత వేసేవాళ్లకు ఒక గుర్తు తెలుసు: లేతాకు మొదట్లో ఈనెకు రెండు పక్కలా తెల్లటి చారలు. అవి కనిపించాయంటే లోపం బాగా ముదిరినట్టే. అంతకుముందు దశను కంటితో పట్టలేం, మట్టి పరీక్ష చేయించాల్సిందే. మొక్కకు అందే జింక్ ఎంతో కొలిచే డీటీపీఏ పద్ధతిలో కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువ వస్తే లోపం ఉన్నట్టు లెక్క. మన దేశంలో పరీక్షించిన నేలల్లో మూడో వంతుకు పైగా ఇలాంటివే.

నేలలో జింక్ ఉండి కూడా వేరుకు అందకపోవచ్చు. నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ ఒక్క అంకె పెరిగితే మట్టినీటిలో కరిగే జింక్ దాదాపు వంద రెట్లు తగ్గుతుంది. సున్నం ఎక్కువున్న నల్లరేగళ్లలో లోపం అంతగా కనిపించడానికి ఇదే కారణం. ఏటా డీఏపీ గుమ్మరిస్తే పేరుకునే భాస్వరం మొక్క జింక్ తీసుకోవడాన్ని ఇంకా తగ్గిస్తుంది. పైగా నేపియర్‌ను నలభై, నలభై అయిదు రోజులకోసారి మొదలంటా కోసి ఇంటికి తెచ్చేస్తాం. మడిలో మిగిలేది మోళ్లే.

అలాగని జింక్ బస్తాలకొద్దీ వేయాల్సిన పని లేదు. ఎకరాకు ఏడాదికి 100 టన్నుల పచ్చిగడ్డి వచ్చిందనుకుందాం. ఎండు బరువు 20 టన్నులు. కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున అందులో వెళ్లిపోయే జింక్ 600 గ్రాములు. 21 శాతం జింక్ ఉండే జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు వేస్తే నేలకు చేరేది 4.2 కిలోలు. కొంత మట్టి పట్టేసుకున్నా, మిగిలింది తర్వాతి కోతలకూ పనికొస్తుంది. కాబట్టి ప్రతి కోతకూ వేయకుండా, మళ్లీ మట్టి పరీక్ష చూసుకుని వేస్తే మంచిది. మోతాదు మితిమీరితే జింక్ పశువుకు రాగి అందకుండా చేస్తుంది. డీఏపీతో కలిపి చల్లకూడదు, రెండింటికీ మధ్య కొన్ని రోజులు ఎడం ఉండాలి. పశువుల ఎరువు కూడా తోడైతే జింక్ వేరుకు అందే రూపంలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

దాణాలో లవణ మిశ్రమం కలిపితే సరిపోదా అంటే, పాలిచ్చే పశువుకు సరిపోతుంది. కానీ చాలా ఇళ్లలో దాణా పెట్టేది దానికొక్కదానికే. వట్టిపోయిన గేదెలకు, ఎదిగే పడ్డలకు గడ్డే ఆధారం. జింక్ వేసిన మడి ఎక్కువగా అక్కరకొచ్చేది వాటికే అని నా నమ్మకం.