అన్నీ వయసు మీదకే నెట్టేస్తే ఎలా? టీనేజీ నుంచి యాభైల దాకా అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్ల కొడుకు పొద్దున్నే లేవకపోతే బద్ధకమని తిడతారు. నలభై ఎనిమిదేళ్ల తల్లికి నెలసరి పదిహేను రోజులైనా ఆగకపోతే ‘ఈ వయసులో మామూలేలే’ అని ఊరుకుంటారు. మొదటిది చాలావరకు వయసు తెచ్చే మార్పే. రెండోది వయసని సర్దుకుపోవాల్సింది కానే కాదు. విశాఖలో ఓపీలకూ కౌన్సెలింగ్‌కూ వచ్చే కుటుంబాల్లో ఇలా తలకిందులుగా అనుకోవడం వల్లే నష్టం ఎక్కువ జరుగుతోంది. ఏది వయసు, ఏది చూపించుకోవాల్సిన సమస్య అన్నది అంకెలతో సహా చూద్దాం.

అపోహ: పొద్దున్నే లేవని పిల్లలు బద్ధకస్తులు

యుక్తవయసు మొదలయ్యాక నిద్ర తెచ్చే మెలటోనిన్ హార్మోన్ రాత్రిపూట ఒకటి రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. ఇది పిల్లల ఇష్టాయిష్టాలతో జరిగేది కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. గాజువాకలో కాలేజీ బస్సెక్కే ఇంటర్ కుర్రాడి లెక్క చూడండి. స్టడీ అవర్ అయి, ఇంటికొచ్చి, తిని పడుకునేసరికి రాత్రి 11.30. లేచేది 5.30కి. అంటే 6 గంటలు. రోజుకు కనీసం 2 గంటల చొప్పున ఆరు రోజులకు 12 గంటల బాకీ. ఆదివారం పదకొండు దాకా పడుకుంటాడు, ఆ రాత్రి ఒంటిగంటైనా కన్ను మూతపడదు, సోమవారం కథ మళ్లీ మొదటికొస్తుంది.

‘రేపట్నుంచి తొమ్మిదింటికే పడుకో’ అన్న హుకుం పనిచేయదు. ఆ వేళకు నిద్ర రాదు కాబట్టి పక్కమీద దొర్లుతాడు, చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. మూడు నాలుగు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున పడుకునే వేళను ముందుకు తేవాలి. లేచే వేళ మాత్రం కదపొద్దు, ఆదివారమైనా గంటకు మించి సడలించొద్దు. లేవగానే మేడ మీదో బస్టాపులోనో 20-30 నిమిషాలు వెలుతురు కంట్లో పడాలి, శరీర గడియారాన్ని సర్దేది అదే. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. ఫోన్ ఛార్జర్లు హాల్లోనే ఉండాలి. పెద్దవాళ్లవి కూడా అక్కడే పెట్టకపోతే ఈ నియమం వారం కూడా నిలవదు.

పెద్దగా గురక, కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోవడం, రెండు వారాలకు పైగా ఆటలు, స్నేహితులు, తిండి వేటి మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: పెద్దమనిషి అయితే ఆడపిల్ల ఇక పొడవు పెరగదు

నెలసరి మొదలయ్యే ముందే ఎదుగుదల వేగం పతాక స్థాయికి చేరుతుందన్నది నిజం. అప్పుడు ఏడాదికి సుమారు 8 సెం.మీ. పెరుగుతారు. తర్వాత వేగం తగ్గుతుందే తప్ప ఉన్నపళంగా ఆగిపోదు. చాలామంది ఇంకో 5-7 సెం.మీ. పెరుగుతారు. మగపిల్లల్లో ఈ ఎదుగుదల దాదాపు రెండేళ్లు ఆలస్యం, ఏడో తరగతి గ్రూప్ ఫొటోలో ఆడపిల్లలే పొడుగ్గా కనిపించేది అందుకే. ఎముక చివర పెరిగే మృదులాస్థి గట్టిపడిపోయాక కడ్డీ పట్టుకు వేలాడినా, డబ్బాల పొడులు తాగినా ఎత్తు రాదు. ఆ డబ్బుతో చేపలు, గుడ్లు కొనండి.

ఎత్తు కొలవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చెప్పులు లేకుండా మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు సూటిగా పెట్టించి, తలమీద అట్టను గోడకు అడ్డంగా నొక్కి గీత గీయాలి. ఎప్పుడు కొలిచినా ఒకే వేళకు కొలవాలి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పగలంతా అణగడం వల్ల సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గి కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి రాసిపెట్టుకుంటే చాలు.

డాక్టరుకు చూపించాల్సిన హద్దులివి: ఆడపిల్లలో 8 ఏళ్ల లోపే రొమ్ముల ఎదుగుదల కనిపించినా, 13 నిండినా కనిపించకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా, మగపిల్లాడిలో 9 లోపే వృషణాలు పెరిగినా, 14 నిండినా పెరగకపోయినా. మొదటి రెండేళ్లలో నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు అక్కర్లేదు. మూడు నెలలు రాకపోయినా, ఏడు రోజులు దాటి అవుతున్నా, గంటా రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా ఆగొద్దు.

ఎముకలో ఖనిజం ఎక్కువగా చేరేదీ ఈ ఏళ్లలోనే. రోజుకు సుమారు 1000 మి.గ్రా. కాల్షియం కావాలి. మన ఉత్తరాంధ్రలో దానికి వెతుక్కోనక్కర్లేదు. 100 గ్రాముల చోడిపిండిలో (రాగిపిండిలో) దాదాపు 350 మి.గ్రా. ఉంటుంది, ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు ఉండనే ఉన్నాయి. ఇక బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది, అందుకే మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకోవాలి. మలం నల్లబడిందని మానొద్దు, అది ఇనుము రంగే. మాత్రకు గంట అటూ ఇటూ టీ తాగితే మాత్రం ఒంటికి పట్టదు.

అపోహ: ఆ వయసు పిల్లలకు ఆలోచనే ఉండదు, చెప్పినా దండగ

పదహారేళ్లకల్లా పిల్లలు ప్రశాంతంగా కూర్చుని లాభనష్టాలు బేరీజు వేయడంలో పెద్దవాళ్లకు దాదాపు సమానం. తేడా వచ్చేది ఉద్రేకంలో, అందులోనూ స్నేహితుల మధ్య. మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పక్కన స్నేహితులుంటే టీనేజీ పిల్లలు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు, పెద్దవాళ్లలో ఆ తేడా రాలేదు. ఆవేశానికి కళ్లెం వేసే ముందు మెదడు భాగం ఇరవైల మధ్య దాకా పరిపక్వమవుతూనే ఉంటుంది.

కాబట్టి ఉపన్యాసం కాదు, ముందే ఒప్పందం కావాలి. భీమిలి రోడ్డులో బైకు మీదో, రుషికొండ దగ్గర అలల్లోనో తీసుకోవాల్సిన నిర్ణయం ఇంట్లో భోజనాల దగ్గరే అయిపోవాలి. బండి ఎవరు నడుపుతారు, నీళ్లలో ఎంతవరకు దిగుతారు, ఎవరైనా తాగితే ఎలా వెనక్కి వస్తారు అన్నవి అడగండి. ‘ఏ వేళ ఫోన్ చేసినా వచ్చి తీసుకొస్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్నా అడగం’ అని మాటివ్వండి. ఇచ్చాక తప్పకండి. ఒక్కసారి తప్పితే ఇంకోసారి ఆ ఫోన్ రాదు. గేర్లున్న బండికి 18 నిండాలన్న చట్టం దగ్గర మాత్రం బేరం లేదు.

అపోహ: ఇరవై రెండుకల్లా దారి తేలాలి, లేకపోతే వెనకబడినట్టే

మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ మార్సియా 1966లో చెప్పిన సంగతి మన ఇళ్లకు బాగా వర్తిస్తుంది. వెతక్కుండానే ఇతరులు చూపిన దారిని ఖాయం చేసుకున్నవాళ్లు బయటికి స్థిరపడినట్టే కనిపిస్తారు. వెతుకుతున్నవాళ్లు తడబడుతున్నట్టు కనిపిస్తారు. కానీ గట్టిగా నిలిచే ఎంపికలు ఎక్కువగా ఈ రెండోవాళ్లవే. ఇంజినీరింగ్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్నాడంటే, ఆ ఏడాదిలో ఏమేం ప్రయత్నించాడో అడగండి. ఏమీ ప్రయత్నించక, గదిలోంచి బయటికే రాకపోతే అది వెతుకులాట కాదు, కౌన్సెలింగ్ అవసరం.

అపోహ: నలభైల్లో సంక్షోభం అందరికీ వస్తుంది

మనోవిశ్లేషకుడు ఎలియట్ జాక్స్ 1965లో రాసిన వ్యాసంతో ‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ అనే ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. తర్వాత అమెరికాలో జరిగిన సర్వేల్లో తమకు అలాంటిది వచ్చిందన్నవాళ్లు 10-20 శాతమే. అందులోనూ చాలామంది చూపించిన కారణం ఉద్యోగం పోవడం, విడాకులు, ఆప్తుల మరణం వంటివే. మగవాళ్లలో డిప్రెషన్ తరచూ ఏడుపుగా కాక చిరాకుగా, తాగుడుగా, ఒంటినొప్పులుగా బయటపడుతుంది. అది గమనిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

అపోహ: నలభై దాటితే ఒంట్లో కొవ్వు కరగడం తగ్గిపోతుంది

29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలతలతో 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం ఖర్చుపెట్టే శక్తిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మారేది కండ. వాడకపోతే ముప్పై దాటాక పదేళ్లకు 3-8 శాతం తరిగిపోతుంది. దానికి కుర్చీ ఉద్యోగమో, స్టీల్‌ప్లాంట్ నైట్ షిఫ్టో తోడైతే పొట్ట వస్తుంది.

బీచ్ రోడ్డు మీద నడక మంచిదే, కండకు అదొక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 10 సార్లు లేచి కూర్చోవడం, గోడ పుషప్‌లు 10, ఇలా మూడు విడతలు చేయండి. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18-20 ఉంటాయి. నడుము కొలత బొడ్డు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక తీయాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటితే షుగర్, బీపీ చూపించుకోండి. అసలు ఈ పరీక్షలు ముప్పై నుంచే మొదలవ్వాలి.

జ్ఞాపకశక్తి సంగతీ అంతే. 1956లో సియాటిల్‌లో మొదలై దశాబ్దాలు సాగిన అధ్యయనంలో పదసంపద, తర్కం నడివయసులోనే ఉచ్చస్థితిలో ఉన్నాయని తేలింది. తగ్గేది వేగం. మతిమరుపు ఉన్నట్టుండి పెరిగితే నిద్ర, థైరాయిడ్, బీ12 చూడాలి.

అపోహ: ముట్లుడిగే ముందు రక్తస్రావం మామూలే, ఇక గర్భసంచి తీయిస్తే గోల వదులుతుంది

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46-47. దానికి ముందు కొన్నేళ్లు చక్రం ఎగుడుదిగుడుగా ఉండటం, ఒంట్లో ఆవిర్లు, నిద్ర చెడటం సహజం. వరసగా 12 నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. అప్పటిదాకా గర్భం రావచ్చు. యాభై లోపు ఆగితే రెండేళ్లు, యాభై తర్వాతైతే ఏడాది పాటు జాగ్రత్త కొనసాగించాలి.

సహజం కానివి వేరు. 21 రోజుల లోపే మళ్లీ రావడం, 8 రోజులు దాటి సాగడం, రక్తం గడ్డలుగా పడటం, కలయిక తర్వాత రక్తం కనిపించడం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. ఏడాది ఆగాక ఒక్క మరక కనిపించినా వారం లోపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. స్కానింగ్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, అవసరమైతే గర్భసంచి లోపలి పొర ముక్క పరీక్ష చేస్తారు. చాలామందికి మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే, హార్మోన్ విడుదల చేసే లూప్‌తోనో స్రావం అదుపులోకి వస్తుంది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం రాత్రికి రాత్రి జరిగిపోతుంది. నలభై అయిదు లోపు అలా జరిగితే ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది.

ఆపరేషన్ అన్నారంటే సంతకానికి ముందు అడగండి: పొర పరీక్షలో ఏం వచ్చింది, మందులు లేదా లూప్ ఎందుకు పనికిరావు, అండాశయాలు ఉంచుతారా. గత మూడు నెలల తేదీలు, రోజుకు మార్చిన ప్యాడ్ల సంఖ్య రాసుకుని తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. క్యాన్సర్ లేదని తేలి, రక్తం మరీ పడిపోకుండా ఉంటే, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనో మరోచోటో రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఒకటి రెండు వారాలు ఆగొచ్చు.