దీమపు ఓడ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చాక చిన్నవాడు ఒక ప్రశ్న అడిగాడని మీ నాన్న ఫోనులో చెప్పాడు. నీళ్ళ కింద హాయిగా దాక్కోగలిగినది అసలు పైకి ఎందుకు వస్తుందని వాడి సందేహం. ఒకప్పుడు తెరచాప ఓడలు జలాంతర్గాములను వేటాడిన కథ ఆ ప్రశ్నలోనే దాగి ఉంది కనుక, ఫోనులో చెప్పకుండా తీరికగా రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు జలాంతర్గామి ఎక్కువ సమయం నీటి పైనే తిరిగేది. కిందికి దిగితే బ్యాటరీల మీద నెమ్మదిగా, కొద్ది గంటలు మాత్రమే నడవగలిగేది. టార్పెడోలంటే నీళ్ళలో దూసుకుపోయి ఓడను పేల్చే ఆయుధాలు; అది మోయగలిగేవి కొద్ది, వాటి ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. అందువల్ల బొగ్గో ఉప్పో మోసుకుపోయే చిన్న తెరచాప ఓడ కనబడితే దాని మీద టార్పెడో దండగని జర్మన్ కెప్టెన్లు పైకి తేలి, డెక్కు మీది ఫిరంగితోనే పని ముగించేవారు. బ్రిటిష్ నావికాదళం ఆ అలవాటు మీదనే ఉచ్చు పన్నింది.

ఉచ్చు అంటే మా ఊరి చేలు గుర్తుకొస్తాయి. కోతలయ్యాక కౌజు పిట్టలు పట్టేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు దీమపు పిట్ట, అంటే ఎరగా పెట్టే పిట్ట, ఉన్న పంజరాన్ని తుప్పల మధ్య పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని, దూరంగా నక్కేవారు. పంజరంలోని కౌజు కూయగానే, తన చేలోకి ఎవరో వచ్చారన్న రోషంతో అడవి కౌజు పరుగెత్తుకొచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. నేను బడి ఎగ్గొట్టి గట్టు వెనుక బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి, ఇంటికి వెళ్ళాక మా నాన్న చేతి దెబ్బలు తినేవాణ్ణి. ఇప్పుడు ఆ వేట చట్టవిరుద్ధం, అది మంచిదే.

ప్రైజ్ అనే ఓడ అటువంటి దీమపు పిట్ట. మూడు స్తంభాలు, రెండు వందల టన్నుల బరువు గల ఆ ఓడ నిజానికి జర్మన్లదే. 1914లో యుద్ధం మొదలైన వెంటనే అది బ్రిటిష్ వారికి చిక్కింది. వారు దాని మీద రెండు ఫిరంగులను దాచిపెట్టారు. ఒకటి గోడలు మడిచి పడేయగల ఉత్తుత్తి గదిలో ఉండేది, రెండవది కింది సరుకుల అర నుంచి పైకి లేచేది. 1917 ఏప్రిల్ 30 సాయంత్రం అయర్లాండుకు దక్షిణాన యూ-93 అనే జలాంతర్గామి దానిపై గుళ్ళు కురిపించసాగింది. కొందరు నావికులు గాభరా నటిస్తూ చిన్న పడవలోకి దూకి వెళ్ళిపోయారు. మన దీమపు పిట్ట కూత అదేనన్న మాట. మిగిలినవారు డెక్కు మీద బోర్లా పడుకున్నారు. ఓడకు చిల్లులు పడుతున్నా, పక్కవాళ్ళు గాయపడుతున్నా, సుమారు ఇరవై నిమిషాలు ఒక్కరూ తల ఎత్తలేదు. న్యూజిలాండుకు చెందిన కెప్టెన్ విలియం శాండర్స్ వారి మధ్య పాక్కుంటూ ధైర్యం చెప్పాడు. పంజరంలో కౌజుకు తానెందుకు అక్కడున్నదో తెలియదు, వీరికి మాత్రం తెలుసు. నా పోలిక ఇక్కడ చాలదని ఒప్పుకోక తప్పదు.

జలాంతర్గామి ఎనభై గజాల దూరంలోకి రాగానే నావికాదళ పతాకం పైకి లేచింది. మారువేషంలో తిరగవచ్చు గాని, సొంత జెండా ఎగరేయకుండా కాల్చకూడదని యుద్ధనీతి. మరుక్షణం గోడలు పడిపోయాయి, ఫిరంగులు మోగాయి. యూ-93 కెప్టెన్ ఫాన్ స్పీగల్, మరో ఇద్దరు సముద్రంలో పడ్డారు. అంతవరకు వారి గుళ్ళు తిన్నవారే వారిని నీళ్ళలోంచి పైకి లాగారు. తర్వాత ఆ ఖైదీలు కూడా, మునిగిపోతున్న ఓడను నిలబెట్టడానికి చేయి కలిపారు. అంతకు గంట ముందు ఒకరినొకరు చంపుకోబోయిన మనుషులు ఒకే ఓడ చిల్లులు పూడ్చడాన్ని మీకెలా వివరించాలో నాకు తెలియదు. మీరే ఒకసారి ఊహించుకోండి.

శాండర్సుకు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ లభించింది. అయితే మునిగిపోయిందనుకున్న యూ-93 చీకట్లో తప్పించుకుని, మునగలేని స్థితిలో నీటి పైనే నడిచి జర్మనీ చేరింది. ఉచ్చు తప్పించుకున్న కౌజు మళ్ళీ ఆ కూతకు రాదు. ఆ ఏడాది ఆగస్టు 14న యూబీ-48 అనే మరో జలాంతర్గామి టార్పెడోతో ప్రైజ్‌ను ముంచివేసింది. శాండర్సుతో సహా ఒక్కరూ బతకలేదు.

ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను గాని, ఆ ఉపాయం మీద నాకు పూర్తి గౌరవం లేదు. ప్రతి తెరచాప వెనుకా ఫిరంగి ఉందేమోనని శత్రువు అనుమానించడం మొదలైతే, నిజంగా ఉప్పు మోసుకుపోయే పేద నావికుడికి పడవలోకి దిగే గడువు కూడా దొరకదు. జర్మనీ హెచ్చరిక లేకుండా ఓడలను ముంచడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, కాని ఈ మోసం భయాన్ని పెంచిందనే నా అభిప్రాయం.

ఈ ఆదివారం నాన్నతో ఫిషింగ్ హార్బరుకు వెళ్ళండి. కట్టి ఉన్న పెద్ద బోటు ఒకటి ఎంచుకుని, వలలు, తాళ్ళు, ఐసు పెట్టెలు అన్నీ పరిశీలనగా చూడండి. అందులో మీకంటే పొడవైన ఫిరంగిని, దాన్ని పేల్చే మనుషులను ఎవరికీ కనబడకుండా ఎక్కడ దాచవచ్చో బొమ్మ గీసి నాకు పంపండి. బోటువాళ్ళను అడగకుండా మాత్రం పైకి ఎక్కకండి.

ఇట్లు,
మీ తాతయ్య