డ్రైవర్ లేని టాక్సీకి దూరం ఎలా తెలుస్తుంది?

ఎదురుగా మనిషి వస్తే డ్రైవర్ లేని టాక్సీ ఆగుతుందా అని చాలామంది అడుగుతుంటారు. మామూలుగా ఆగుతుంది. అసలు ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో దానికెలా తెలుస్తుందన్నది నాకు అంతకన్నా సరదా ప్రశ్న.

అమెరికాలో వేమో అనే సంస్థ నడిపే డ్రైవర్ లేని టాక్సీల నెత్తిన తిరిగే డబ్బాలో లైడార్ అనే దూరం కొలిచే పరికరం ఉంటుంది. కొండ ముందు కేక వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కగట్టినట్టే ఇదీను. కేక బదులు కంటికి కనపడని పరారుణ లేజర్. కాంతి ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తాకి తిరిగి రావడానికి 200 నానోసెకన్లు. ఆ దూరాన్ని 3 సెంటీమీటర్లకు మించి తేడా లేకుండా చెప్పాలంటే లోపలి గడియారం 0.2 నానోసెకన్లను కూడా పసిగట్టాలి. బళ్లో కాంతి వేగాన్ని మాచేత బట్టీ పట్టించారు గానీ, దాంతో దూరం కొలవొచ్చని ఒక్క మాస్టారూ చెప్పలేదు!

వాన పడితే? చినుకులకు తగిలి కూడా కొంత కాంతి వెనక్కి వస్తుంది. అందుకే ఒకే పల్స్‌కి, అంటే ఒక్క లేజర్ మెరుపుకి, వచ్చే రెండు మూడు ప్రతిధ్వనుల్ని విడివిడిగా నమోదు చేసుకుని, ఏది చినుకుదో ఏది మనిషిదో సాఫ్ట్‌వేర్ తేల్చుకుంటుంది. నల్లటి వస్తువు కాంతిని మింగేస్తుంది, అద్దం పక్కకి మళ్ళిస్తుంది. దట్టమైన పొగమంచులో లేజర్ తేలిపోతే, రేడియో తరంగాలతో పనిచేసే రాడార్ ఆదుకుంటుంది. కదిలే వస్తువుకి తగిలి వచ్చిన తరంగాల పౌనఃపున్యంలో వచ్చే తేడాను, అంటే డాప్లర్ మార్పును బట్టి ఎదుటి బండి వేగాన్నీ అది నేరుగా చెబుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ప్రమాదం గమనించి బ్రేకు మీద కాలు వేసేసరికి మనకు సెకను దాటడం మామూలే. యంత్రానికి అంత ఆలస్యం ఉండదు. నిద్ర, మందు, ఫోను బెడదా లేదు.

కానీ దూరం తెలియడం వేరు, జరిగిందేమిటో అర్థం కావడం వేరు. 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి నడుపుతున్న ఓ కారు గుద్దడంతో ఒక మహిళ క్రూజ్ అనే మరో సంస్థ డ్రైవర్ లేని టాక్సీ ముందు పడింది. టాక్సీ బ్రేకు వేసినా ఆమెను గుద్ది ఆగింది. పక్కనుంచి దెబ్బ తగిలిందనుకుని రోడ్డు వారకు జరగబోయి, కిందున్న ఆమెను 6 మీటర్లు ఈడ్చుకెళ్ళింది. డ్రైవరుంటే దిగి చూసేవాడు. ఆ నెలలోనే కాలిఫోర్నియా అధికారులు క్రూజ్ అనుమతి నిలిపేశారు. అన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ బుర్ర ఒక్కటే కాబట్టి క్రూజ్ కార్లన్నీ ఆగాయి. అయితే తప్పు దిద్దితే అన్నిటికీ ఒకేసారి దిద్దొచ్చు, మనుషులతో అది కుదరదు.

డ్రైవర్ల బతుకుతెరువు పోతుందన్న భయం నిజమైనదే. నగరానికి ఇంకో చిక్కుంది. ఒకరిని దింపాక మరొకరు దొరికేదాకా ఖాళీగా తిరిగే కారు కూడా ట్రాఫిక్కే. చార్జీలు బాగా తగ్గి బస్సెక్కేవాళ్ళు కూడా వీటికి మళ్ళితే రద్దీ పెరుగుతుంది. ఖాళీగా తిరిగే ప్రతి కిలోమీటరుకీ నగరం రుసుము వసూలు చేయాలంటాను. లెక్క ఎలాగూ కారు దగ్గరే ఉంటుంది.