“బోరు ఎన్ని ఫీట్లు?” అని అడిగి అమ్మాక బాధ్యత ఎవరిది?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్ల షాపుకెళ్తే ధర సంగతి తర్వాత, ముందు అడిగేది ఇదే: “బోరు ఎన్ని ఫీట్లు? బిల్డింగ్ ఎన్ని అంతస్తులు?” మనం చెప్తాం. సేట్ ఒక మోటారు చూపించి “ఇది సరిపోతుంది, తీస్కపోండి” అంటాడు. తీరా బోర్లో దింపాక నీళ్లు పై ట్యాంకుకు ఎక్కవు. మళ్లీ వెళ్తే “మోటార్లో ఫాల్ట్ లేదు, కంపెనీతో మాట్లాడుకోండి” అని జవాబు. బిల్లు అడుగున ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉండనే ఉంటుంది.

ఇక్కడ చిక్కేమిటంటే, మోటారు నిజంగానే బాగుంది. మన బోరుకు పనికిరాదు, అంతే.

పాతకాలపు ఇంగ్లిష్ కోర్టులైతే కొన్నవాడే చూసుకోవాల్సింది అనేవి. 1603 నాటి కేసొకటి ఉంది. విషం విరిచే బెజోర్ రాయి అని చెప్పి ఒక కంసాలి వంద పౌండ్లకు ఒక రాయిని అంటగట్టాడు. అది బెజోర్ కాదట. అయినా కొన్నవాడే ఓడిపోయాడు. బెజోర్ అన్నాడు గానీ హామీ ఇవ్వలేదు కదా అన్నది కోర్టు వాదన!

ఆ ధోరణి మారిందని చెప్పడానికి 1829 నాటి రాగి రేకుల కేసును చూపిస్తారు. ఓడ అడుగుకు తొడగాలని చెప్పి కొన్న రేకులు, మామూలుగా నాలుగేళ్లు రావాల్సినవి, నాలుగు నెలలకే పాడైపోయాయి. ఏ పనికో తెలిసి అమ్మినవాడు ఆ పనికి పనికొచ్చే సరుకే ఇవ్వాలని కోర్టు తేల్చింది. అదే సూత్రం 1893లో ఇంగ్లండ్ చట్టంలోకి, అక్కణ్ణుంచి మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోకి వచ్చింది. నిజాం సంస్థానంలో ఆ చట్టం వర్తించేది కాదు. హైదరాబాద్‌కు అది 1951లో వచ్చింది.

ఆ సెక్షన్ అడిగేవి మూడు. అవసరం ఏమిటో అమ్మేవాడికి తెలియాలి, అతని నైపుణ్యాన్ని నమ్మి కొనాలి, అది అతని వ్యాపారంలోని సరుకై ఉండాలి. ఒక మెలిక కూడా ఉంది. ఫలానా బ్రాండే కావాలని అడిగి కొంటే ఈ రక్షణ దొరక్కపోవచ్చు. అయితే బ్రాండు పేరు నోటికొచ్చినంత మాత్రాన అంతా పోదు. టూర్లకు హాయిగా ఉండే కారు కావాలన్న ఒకాయనకు డీలరు బుగాట్టి అనే స్పోర్ట్స్ కారు అంటగట్టిన కేసులో, 1920లలో, ఇంగ్లండ్ కోర్టు కొన్నాయన పక్షానే నిలిచింది.

తర్వాత 1986లో వినియోగదారుల చట్టం, దాని స్థానంలో 2019 చట్టం వచ్చాయి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు లేకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు మీది ఆ అచ్చు వాక్యానికి ఇక్కడే గండి పడింది. కొత్తగా ‘ఉత్పత్తి బాధ్యత’ అని ఒక అధ్యాయం కూడా చేర్చారు. పేరు ఘనంగా ఉంది గానీ, అది మనిషికో, ఇతర ఆస్తికో జరిగిన హాని కోసం. సరుకుకే జరిగిన నష్టం అందులోకి రాదు. కాబట్టి నీళ్లెక్కని మోటారు కేసు మళ్లీ ఆ పాత ప్రశ్నకే వస్తుంది: అవసరం ఏమిటో చెప్పారా, రుజువుందా?

మన బిల్లుల మీద ఉండేదేమో ‘మోటారు, 1.5 హెచ్‌పీ, ఒకటి’. ఎన్ని ఫీట్లని అడిగిందీ, మనం చెప్పిందీ అందులో ఎక్కడా ఉండవు.