తెరిచిన పుస్తకం ఆకారంలో లైబ్రరీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఆర్కిటెక్చర్ చదివే మన తెలుగు పిల్లల్లో ఏటా ఎవరో ఒకరు థీసిస్‌కి పబ్లిక్ లైబ్రరీ ఎంచుకుంటారు. జ్యూరీల్లో (పిల్లల డిజైన్లకు మార్కులు వేసే చోట) వాళ్ల షీట్ల ముందు, ఆఫీసులో క్లయింట్ల ముందు నాకు వినబడే మాటలు దాదాపు ఒకటే. వాటిలో నన్ను ఎక్కువ విసిగించినవి కింద రాస్తున్నాను.

అపోహ: కాన్సెప్ట్ (డిజైన్‌కు మూలమైన ఆలోచన) అంటే ఆకారం.

లైబ్రరీ అనగానే తెరిచిన పుస్తకం, లేదంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పుస్తకాలు, తాళపత్రాల కట్ట, జ్ఞానవృక్షం. రెండర్‌లో, అంటే కంప్యూటర్ బొమ్మలో, బాగానే ఉంటాయి. కానీ ఆ ఆకారం కనబడేది డ్రోన్‌కి. లోపల కుర్చీలో కూర్చున్న మనిషికి దాంతో ఒరిగేదేమీ లేదు.

ఈ ఆలోచన ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే పారిస్ వెళ్లాలి. 1990లలో డొమినిక్ పెరో డిజైన్‌తో కట్టిన ఫ్రాన్స్ జాతీయ లైబ్రరీలో నాలుగు మూలలా నాలుగు గాజు టవర్లు, ఒక్కోటీ తెరిచిన పుస్తకంలా ఉంటుంది. పుస్తకాలేమో ఎండ కొట్టే టవర్లలో, చదివేవాళ్లేమో కింద. ఎండకు కాగితం పాడవుతుందని పెద్ద గొడవై, చివరికి గాజు వెనకాల చెక్క పలకలు బిగించారు. పారిస్ ఎండకే అంత అవసరమైతే మన మే నెల సంగతి మీరే ఊహించుకోండి.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేది అమెరికాలో లూయీ కాన్ కట్టిన ఎక్సెటర్ లైబ్రరీ. అది బడి లైబ్రరీ, 1970ల మొదట్లో పూర్తయింది. దాని కాన్సెప్ట్ ఒక్క వాక్యం: పుస్తకం తీసుకున్న మనిషి దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్తాడు. అందుకే బీరువాలు లోపలి వరసలో కాంక్రీట్ మధ్య ఉంటాయి, చదివే బల్లలు బయటి ఇటుక గోడలో కిటికీల పక్కన ఉంటాయి. ప్లాన్, స్ట్రక్చర్, కిటికీ సైజు, అన్నీ ఆ వాక్యంలోంచే వచ్చాయి. నేను పిల్లల్ని అడిగేది కూడా ఇదే. మీ కాన్సెప్ట్ చదివితే బీరువాలు ఎక్కడ, కుర్చీ ఎక్కడ, గుమ్మం ఎటు అన్నది తెలుస్తుందా? తెలియకపోతే అది కాన్సెప్ట్ కాదు, నినాదం.

మన దగ్గరా ఉదాహరణకు కొదవలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపారు. భవనమే లేదు. అయినా పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్తుందన్న ఆ ఆలోచన ఏ జ్యూరీలోనైనా నిలబడుతుంది.

అపోహ: ఉత్తరం వైపు కిటికీలు పెడితే ఎండ లోపలికి రాదు.

ఇది యూరప్, అమెరికా పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన మాట. అక్కడ మధ్యాహ్నపు ఎండ విషయంలో అది నిజమే. చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కన ఉంటాడు. జూన్‌లో సూర్యుడు ఉదయించేది కూడా సరిగ్గా తూర్పున కాదు, ఇంచుమించు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. అంటే పొద్దున్నా సాయంత్రం ఉత్తరపు గాజులోంచి నేరుగా ఎండ పడుతుంది, అదీ మనకు ఎండ ఎక్కువగా ఉండే నెలల్లో.

అలాగని ఉత్తరం వద్దనడం లేదు, మిగతా దిక్కుల కంటే అదే మేలు. దానికీ చజ్జా, పక్కన నిలువు ఫిన్లు (పక్క నుంచి వచ్చే ఎండను ఆపే పలకలు) కావాలి, అంతే. దక్షిణం అంటే అందరూ భయపడతారు కానీ నిజానికి అది సులువు. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 53 డిగ్రీల పైనే ఉంటాడు కాబట్టి ఓ మోస్తరు అడ్డ చజ్జా చాలావరకు ఆపేస్తుంది. ఇబ్బందల్లా పడమరతోనే. ఎండ అడ్డంగా వచ్చి సరిగ్గా కళ్లలో పడుతుంది. మెట్లు, లిఫ్టులు, టాయిలెట్లు, స్టోర్ రూములు అటు తోసేయండి.

ఇక వెలుతురు ఎంత కావాలి? చదివే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) చాలు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. కాబట్టి ఇక్కడ మన పని వెలుతురు తేవడం కంటే దాన్ని వడగట్టడమే. గోడంతా గాజు పెట్టి, ఆనక బ్లైండ్స్ దించి, లోపల ట్యూబ్‌లైట్లు వేసుకున్న లైబ్రరీలను మీరూ చూసే ఉంటారు.

అపోహ: అంతా ఫోన్‌లోనే ఉంది, పుస్తకాలకు ఇంత చోటెందుకు?

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మొదటిది మనుషుల గురించి. చెన్నై అన్నానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ హాస్టల్ గదుల్లో ఉండే పిల్లల్ని అడగండి, అందులో మన వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ముగ్గురున్న గదిలో చదువు సాగదు, పరీక్ష టెన్షన్ వేరే. వాళ్లకు కావాల్సింది కుర్చీ, లైటు, ప్లగ్ పాయింట్, రోజంతా కూర్చున్నా లేవమనని చోటు. కోట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి లైబ్రరీలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి విడిగా విభాగం ఉంది. కొత్త లైబ్రరీ ప్రోగ్రాం (దేనికి ఎంత చోటు కావాలన్న జాబితా) రాసేటప్పుడు నేను ముందు లెక్కవేసేది ఈ కుర్చీలనే.

రెండోది పుస్తకాల గురించి. లైబ్రరీ పెరిగే జీవి అని 1931లో తన లైబ్రరీ సూత్రాల్లో అయిదోదిగా చెప్పిన రంగనాథన్ మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్. ఆ మాట నిజమో కాదో ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీ దగ్గర తెలుస్తుంది. హెన్రీ ఇర్విన్ కట్టిన హాలు 1896లో తెరిచారు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి. ఆ వరదకు ఇర్విన్ హాలు ఏం సరిపోతుంది? పక్కన కొత్త భవనాలు కట్టక తప్పలేదు.

అందుకే స్ట్రక్చర్ ఇంజినీరును కాన్సెప్ట్ రోజుల్లోనే పిలవండి. భవనం ఎంత బరువు మోయాలో చెప్పే మన ఐఎస్ 875 కోడ్‌లో ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోల లెక్క అయితే, పుస్తకాల బీరువాల గదికి కనీసం 600. బీరువా ఎత్తు 2.2 మీటర్లు దాటితే ఇంకా పెరుగుతుంది. రేపు రీడింగ్ హాల్లోకి బీరువాలు జరపాలంటే దాని నేలకు ఆ బలం ఇవాళే ఇవ్వాలి. బీరువాల వరసలు 1.5 మీటర్ల దూరంలో వేస్తే 7.5 మీటర్ల స్తంభాల గ్రిడ్‌లో సరిగ్గా అయిదు పడతాయి. కింద పార్కింగ్‌కీ ఆ గ్రిడ్ నప్పుతుంది. బేస్‌మెంట్‌లో కార్లే పెట్టండి, పుస్తకాలు మాత్రం వద్దు. 2015 డిసెంబరులో చెన్నై వరద నీళ్లు చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

అపోహ: ఏసీ ఉంటే చాలు.

పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే లైబ్రరీలో చల్లబడ్డ కాగితం మీదికి సముద్రపు తేమ గాలి చేరుతుంది. బూజు పట్టేది అక్కడే. అరుదైన పుస్తకాలకు ఇరవై నాలుగు గంటలూ నడిచే చిన్న గది ఒకటి విడిగా ఇవ్వండి. మిగతా హాళ్లకు ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, ఫ్యాన్లు ఇవ్వండి, కరెంటు పోయినా జనం లేచిపోరు. బెంగళూరు వాతావరణంలో ఇది ఇంకా తేలిక.

అపోహ: లైబ్రరీ అంతా నిశ్శబ్దంగా ఉండాలి.

పిల్లల విభాగం గోల గోలగానే ఉండాలి. దాన్ని గుమ్మం దగ్గర పెట్టి, పైకి వెళ్లేకొద్దీ నిశ్శబ్దం పెంచుకుంటూ పోతే సరిపోతుంది.

అపోహ: ర్యాంప్, ఫైర్ ఎగ్జిట్, టాయిలెట్లు తర్వాత చూసుకోవచ్చు.

పుస్తకాలు పోకూడదని లైబ్రేరియన్ ఒకటే గుమ్మం అడుగుతారు. ఫైర్ వాళ్లు రెండో మెట్లదారి అడుగుతారు. ఇద్దరి మాటా న్యాయమే. కాన్సెప్ట్ దశలో తేల్చకపోతే రెండో తలుపుకు తాళం పడుతుంది, అది ప్రాణాంతకం. లోపలినుంచి తోస్తే తెరుచుకుని అలారం మోగే తలుపు పెట్టి, దాన్ని కౌంటర్‌కి కనబడేలా ఉంచండి. ర్యాంప్ సంగతి: 1:12 వాలుకు (ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు), 60 సెంటీమీటర్ల ప్లింత్, అంటే భవనం అరుగు, ఎక్కాలంటే 7.2 మీటర్లు పోతాయి. చివర్లో అతికిస్తే అది వెనక జనరేటర్ పక్కకే చేరుతుంది.

రోజంతా కూర్చునేవాళ్లు టిఫిన్ డబ్బా తెచ్చుకుంటారు. తినడానికి నీడ, చేతులు కడుక్కోవడానికి కుళాయి, బ్యాగు పెట్టుకోవడానికి తాళం పడే అర, ఆడపిల్లలకు ప్రతి అంతస్తులో టాయిలెట్. కాన్సెప్ట్ షీట్ మీద వీటిని గీసినవాళ్లకు నేను మార్కులు ఎక్కువే వేస్తాను.