ట్యాక్స్ లేని కారు ఎంఓటీకి వెళ్లొచ్చు, మరి ముందురోజు రాత్రి ఎక్కడ ఉండాలి?

బ్రిటన్‌లో పాత కారు కొన్న మనవాళ్ల మధ్య ఈ వాదన మళ్ళీ రాజుకుంది. ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే తప్పనిసరి పరీక్ష) గడువు దాటి, రోడ్ ట్యాక్స్ కూడా లేని కారును టెస్టుకు నడుపుకుంటూ తీసుకెళ్లొచ్చా, లేక లారీ మీద ఎక్కించి పంపాలా? అక్కడ కొత్త నంబర్ ప్లేట్లు మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి వస్తాయి. అందుకే ఎంఓటీ గడువులు ఆ నెలల్లో ఎక్కువగా పడతాయి. ఈ గొడవా అప్పుడే లేస్తుంది. "చట్టమే ఒప్పుకుంటోంది, భయమెందుకు" అంటాడొకడు. "మా రూమ్మేట్ కారు చక్రం కదలకుండా క్లాంప్ వేసి పోయారు" అంటాడు ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రెండూ ఎలా నిజమయ్యాయో తెలియాలంటే 2014 అక్టోబర్ 1న ఏం జరిగిందో చూడాలి.

ఎంఓటీ 1960లో ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా, పదేళ్లు నిండిన బండ్లతో మొదలైన సంగతి చాలామందికి తెలిసిందే. ఇప్పుడు ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష. ఆ గడువు పెంచాలా అని 2023లో ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది. 2024 జనవరిలో పాత పద్ధతే ఉంచింది. మన గొడవకు మాత్రం అసలు మలుపు టెస్టులో లేదు, ట్యాక్స్‌లో ఉంది.

2014 దాకా ప్రతి కారు అద్దానికి ఎడమ మూల ఒక గుండ్రటి కాగితం ఉండేది. ఏ నెల, ఏ ఏడాది దాకా పన్ను కట్టారో దాని మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది. 1921 నుంచి ఉన్న పద్ధతి అది. కారు అమ్మితే ఆ కాగితం కూడా కారుతోనే వెళ్లేది. అమ్మకం ప్రకటనల్లో "ఆరు నెలల ట్యాక్స్ ఉంది" అని రాసుకునేవారు, దానికి తగ్గట్టు నాలుగు పౌండ్లు ఎక్కువ అడిగేవారు. కొన్నవాడికి ఆ ఆరు నెలలు ఊపిరి తీసుకునే టైమ్. ఈలోగా ఎంఓటీ గడువు దాటినా బండి వీధిలో ఉన్నందుకు పన్ను కేసు పడేది కాదు. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి టెస్ట్ చేయించుకునేవాడు.

2013 డిసెంబర్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఈ కాగితాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించారు. అన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, ఏటా కోటి పౌండ్లు మిగులుతాయి అన్నది ప్రభుత్వం లెక్క. 2014 అక్టోబర్ 1 నుంచి అద్దాల మీద కాగితం అక్కర్లేకుండా పోయింది. పేపర్లన్నీ ఆ కాగితం గురించే రాశాయి. అదే రోజు అమల్లోకి వచ్చిన రెండో మార్పును పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ రోజు నుంచి ట్యాక్స్ కారుతో పాటు చేతులు మారదు. అమ్మినవాడు డీవీఎల్ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్, పన్ను చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పగానే అతని ట్యాక్స్ రద్దవుతుంది, మిగిలిన పూర్తి నెలల డబ్బు అతనికి వెనక్కి వెళ్తుంది. కొన్నవాడు మొదటి మైలు నడపకముందే కొత్తగా కట్టాలి, అదీ ఆ నెల మొదటి తారీకు నుంచి లెక్కేసి. అంటే చేతులు మారిన నెలకు ప్రభుత్వానికి రెండుసార్లు పన్ను ముడుతోంది. ఇది న్యాయంగా లేదన్న ఫిర్యాదు అప్పటి నుంచి ఉంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఎంఓటీ ఉన్న కారైతే ఇదేమంత కష్టం కాదు. కొన్నప్పుడు చేతికిచ్చే పచ్చ స్లిప్ మీద నంబర్ చూసి ఫోన్‌లో రెండు నిమిషాల్లో ట్యాక్స్ కట్టేయొచ్చు. ఎంఓటీ లేని కారైతేనే చిక్కు. ట్యాక్స్ కట్టాలంటే ఎంఓటీ ఉండాలి. ఎంఓటీ కావాలంటే కారును టెస్టుకు తీసుకెళ్లాలి. రోడ్డెక్కాలంటే ట్యాక్స్ ఉండాలి. 2014కు ముందు ఈ సుడిలో పడ్డవాళ్లు కొద్దిమంది. ఆ తర్వాత, ఎంఓటీ అయిపోయిన సెకండ్‌హ్యాండ్ కారు కొన్న ప్రతి ఒక్కరూ కొన్న క్షణంలోనే అందులో పడుతున్నారు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లినవాళ్లకు ఇది త్వరగా బుర్రకెక్కదు. మన దగ్గర సొంత కారుకు లైఫ్ ట్యాక్స్ మొదట్లోనే కట్టేస్తాం, ఆర్సీ పదిహేనేళ్లు నడుస్తుంది. ఆ తర్వాతే ఫిట్‌నెస్, రెన్యూవల్ అని ఆర్టీఓ ఆఫీసు గుమ్మం తొక్కుతాం. కారు అమ్మితే ట్యాక్స్ పోతుందన్న ఊహే మనకు రాదు.

ఈ సుడిలోంచి బయటపడే దారి మాత్రం చట్టంలో ముందు నుంచే ఉంది. నడపొచ్చు అనేవాళ్లు ఎత్తిచూపేది దాన్నే. వాహన పన్నుల మీద 1994లో వచ్చిన చట్టం రెండో షెడ్యూల్‌లో 22వ పేరా ఉంది. ముందే ఏర్పాటు చేసుకుని, ఫలానా రోజున జరిగే తప్పనిసరి పరీక్షకు తీసుకెళ్లడానికి, అక్కడి నుంచి తిరిగి తేవడానికి మాత్రమే వాడుతున్నప్పుడు ఆ బండికి పన్ను మినహాయింపు అని అందులో ఉంది. ఎంఓటీ లేకుండా నడపడానికి మినహాయింపు ఇంకో చోట, 1981 నాటి టెస్టుల నిబంధనల్లో ఉంది. రెండూ వేరు వేరు కాగితాలు. ఎంఓటీ నిబంధన చదివి ట్యాక్స్‌కు కూడా అదే సరిపోతుందనుకోవడం, లేదా దానికి అడ్డంగా వాదించడం, సగం తగాదాలకు మూలం.

ఈ మాటలకు గట్టి అర్థం ఉంది. "ముందే ఏర్పాటు" అంటే దారిలో పోలీసులు ఆపాక ఫోన్ చేసి స్లాట్ తీసుకుంటే చెల్లదు. "మాత్రమే" అంటే టెస్టుకు వెళ్తూ మధ్యలో ఇండియన్ స్టోర్ దగ్గర బియ్యం బస్తా వేసుకోవడానికి ఆగితే రక్షణ పోయినట్టే. ఇంటికి దగ్గరి గ్యారేజీకే వెళ్లాలన్న షరతు మాత్రం ఎక్కడా లేదు. అది పుకారు. సార్న్ చేసి, అంటే రోడ్డెక్కించనని డీవీఎల్ఏకి చెప్పి, పక్కన పెట్టిన బండికీ ఇదే వర్తిస్తుంది. ముందే బుక్ చేసుకున్న టెస్టుకు వెళ్లిరావడం తప్ప మరే పని మీద రోడ్డెక్కించినా కోర్టు కేసు, 2,500 పౌండ్ల దాకా జరిమానా.

రిపేరు సంగతి ఇంకా సున్నితం. టెస్టులో ఫెయిలయ్యాక, ముందే మాట్లాడుకున్న చోటికి ఆ లోపాలు సరిచేయించడానికి తీసుకెళ్లొచ్చని రెండు చోట్లా ఉంది. టెస్టుకు ముందే "ఓసారి మెకానిక్‌కి చూపించి వెళ్దాం" అని బయల్దేరితే మాత్రం ఆ మాటలు కాపాడవు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ పేజీ చదివితే రిపేరుకు ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చన్నట్టే ఉంటుంది. ఆ పేజీని నమ్మి చిక్కుల్లో పడినవాడిది తప్పని నేననను.

ఇన్సూరెన్స్‌కు ఏ మినహాయింపూ లేదు. టెస్ట్ సెంటర్ పక్క వీధిలోనే ఉన్నా సరే, ఇన్సూరెన్స్ లేకుండా స్టీరింగ్ పట్టుకుంటే 300 పౌండ్లు, లైసెన్స్ మీద ఆరు పాయింట్లు. బండి ప్రమాదకరమైన స్థితిలో ఉంటే దానికీ మినహాయింపు లేదు. బ్రేకులు పట్టని కారును "టెస్టుకే తీసుకెళ్తున్నా" అని రోడ్డు మీదికి తేవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఈ మినహాయింపును దుర్వినియోగం చేస్తున్నారన్నది అవతలి పక్షం మాట. అందులో కొంత నిజముంది. రవాణా శాఖ రోడ్ల మీద కెమెరాలు పెట్టి చేసే సర్వేలో, 2013లో ట్యాక్స్ లేకుండా తిరిగే బండ్లు 0.6 శాతం. 2015కి అది 1.4 శాతం, 2017కి 1.8 శాతం. జనం నిజాయితీ తప్పారని కొందరు తేల్చేశారు. రెండేళ్లలో జనం గుణం రెండింతలు చెడిపోతుందా? మధ్యలో మారింది పద్ధతి. అద్దం మీద గుర్తు చేసే కాగితం పోయింది, చేతులు మారిన ప్రతి కారుకూ ట్యాక్స్ సున్నా నుంచి మొదలైంది. 2017 సర్వేలో పట్టుబడిన బండ్లలో దాదాపు మూడో వంతు అంతకుముందు ఏడాది కాలంలో చేతులు మారినవే. కాగితం తీసేసి మిగుల్చుకున్నది ఏటా కోటి పౌండ్లైతే, 2017లో పోయే పన్ను పది కోట్లు దాటుతుందని అంచనా వేశారు.

కెమెరా వచ్చాక ఇంకొకటి కూడా మారింది. 22వ పేరా రాసినప్పుడు బండిని ఆపేది మనిషి. "ఎక్కడికి?" అని అడిగేవాడు, "టెస్టుకు సార్, పదిన్నరకు" అంటే గ్యారేజీకి ఫోన్ చేసి కనుక్కునేవాడు. కెమెరా ఏమీ అడగదు. నంబర్ చదువుతుంది, ట్యాక్స్ లేదు, ఎంఓటీ లేదు అని రాసుకుంటుంది. మరి అపాయింట్‌మెంట్? అది ఏ ప్రభుత్వ కంప్యూటర్‌లోనూ ఉండదు. ఉత్తర ఐర్లాండ్‌లోలా ప్రభుత్వ కేంద్రాలు కాకుండా, మిగతా బ్రిటన్‌లో టెస్టులు చేసేవి చాలావరకు ప్రైవేటు గ్యారేజీలే. బుకింగ్ ఉండేది ఆ కౌంటర్ మీద ఆయిల్ వేలిముద్రలు పడ్డ డైరీలో. టైమ్, నంబర్, పక్కన ఎంఓటీ అన్న మూడక్షరాలు. ఆ గీతే చట్టంలో చెప్పిన "ముందే ఏర్పాటు". అందుకే గ్యారేజీ నుంచి మెసేజో ఈమెయిలో తీసుకోకుండా బయల్దేరొద్దని చెప్పేది. నోటీసు ఇంటికొచ్చాక నిరూపించుకోవాల్సింది మీరే.

ఇక క్లాంప్ సంగతి. నాకు తెలిసిన ఖమ్మం కుర్రాడొకడు మాస్టర్స్ చేస్తూ, నైట్ షిఫ్టులకు బస్సులు దొరక్క, 900 పౌండ్లకు పదమూడేళ్ల కారు కొన్నాడు. బుధవారం సాయంత్రం తాళాలు చేతికొచ్చాయి. అమ్మినాయనే ట్రాలీ మీద తెచ్చి దించి వెళ్లాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఎంఓటీ స్లాట్. ఇన్సూరెన్స్ కట్టాడు, గ్యారేజీ మెసేజ్ ఫోన్‌లో ఉంది. అంతా పద్ధతిగానే చేశాననుకున్నాడు. వాళ్లుండేది వరస ఇళ్ల వీధి, గుమ్మం దిగితే రోడ్డే. కారు ఆ రోడ్డు మీదే పెట్టాడు. గురువారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, చక్రానికి పసుపు రంగు క్లాంప్ వేశారు. రేపటి అపాయింట్‌మెంట్ చూపిస్తే తీసేస్తారు కదా?"

తీయరు. మినహాయింపు టెస్టుకు 'వాడుతున్నప్పుడు' మాత్రమే. ట్యాక్స్ లేని బండిని వీధిలో 'ఉంచడం' విడిగా నేరం. 1998లో సార్న్ తెచ్చినప్పుడే అసలు సూత్రం ఖాయమైంది. ట్యాక్స్ కట్టు, లేదంటే బండిని రోడ్డు మీంచి తీసి సొంత స్థలంలో పెట్టుకుని ఆ సంగతి మాకు చెప్పు. 2004 నుంచి రోడ్డు మీద పట్టుకోకుండానే, రికార్డు చూసి నోటీసులు పంపడం మొదలైంది. ఇంటి ముందు డ్రైవ్‌వే ఉన్నవాడికి ఇదొక లెక్క కాదు. కారు అక్కడ పెట్టుకుని, టెస్టు రోజు పొద్దున నేరుగా బయల్దేరతాడు, 22వ పేరా అతన్ని గుమ్మం నుంచి గ్యారేజీ దాకా కాపాడుతుంది. డ్రైవ్‌వే లేని ఇంట్లో నలుగురితో కలిసి అద్దెకుండేవాడికి ఆ పేరా టెస్టు రోజు పొద్దున్నే తెరుచుకుంటుంది. ముందురోజు రాత్రికి చట్టంలో చోటు లేదు. ట్యాక్స్ కారుతో పాటు వచ్చినన్నాళ్లూ ఈ తేడా పెద్దగా ఎవరికీ తగల్లేదు. 2014లో దాన్ని తీసేసినప్పుడు, కొన్నవాడికి టెస్టు దాకా రెండు రోజుల వెసులుబాటు పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు.

కుర్రాడు క్లాంప్ తీయించడానికి 100 పౌండ్లు కట్టాడు. ట్యాక్స్ లేదు కాబట్టి ఇంకో 160 డిపాజిట్. గ్యారేజీ వాళ్లను బతిమాలితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు స్లాట్ ఇచ్చారు. క్లాంప్ ఊడదీసిన చోటి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాడు. కారు పాసయింది. ముందు టైరు అరుగుతోందని ఒక్క హెచ్చరిక రాశారంతే. గ్యారేజీ ఆవరణలోనే నిలబడి ఫోన్‌లో ట్యాక్స్ కట్టాడు. 160 తర్వాత వెనక్కి వచ్చింది. 100 రాలేదు.