షికాగో షెడ్ అక్వేరియంకి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

అక్వేరియంలలో నీటి శుద్ధి పని నాది. షికాగోలో మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో 1930లో తెరిచిన షెడ్ అక్వేరియం ఒకటి, అక్కడ అద్దాల ముందు తెలుగులో సాగే మాటలు వింటుంటే మధ్యలో దూరి చెప్పాలనిపిస్తుంది. ఇక్కడ చెప్పేస్తున్నా.

అపోహ: "పక్కనే ఇంత పెద్ద చెరువుంది, ట్యాంకులకి నీళ్లు అందులోంచే తోడేసుంటారు."

మిషిగన్ సరస్సు చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గానీ అవి మంచినీళ్లు, సముద్రపు చేప అందులో బతకదు. అందుకే మొదట్లో ఫ్లోరిడా చివర్న ఉన్న కీ వెస్ట్ నుంచి 20 రైలు ట్యాంకర్లు ఎనిమిదిసార్లు తిరిగి పది లక్షల గ్యాలన్ల సముద్రపు నీరు మోసుకొచ్చాయి, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు! ఇప్పుడు మంచినీళ్లలో లవణాలు కలిపి తయారు చేసుకుంటారు. కల్లుప్పు వేస్తే సరిపోదా అంటే, సరిపోదు. లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి, అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వేటి పాళ్లలో అవి పడాలి.

అపోహ: "రోజూ నీళ్లు మార్చేస్తారు."

ఒక్కసారిగా మారిస్తే వేడిలో, లవణాల్లో తేడా వచ్చి చేపల ప్రాణం మీదికొస్తుంది. ఉన్న నీరే ఫిల్టర్లలో తిరుగుతుంటుంది, కొంచెం కొంచెంగా మాత్రమే మారుస్తాం. చేపలు వదిలే అమ్మోనియా విషం, దాన్ని ఫిల్టర్లలో పెరిగే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఇంట్లో కొత్తగా పెట్టిన గోల్డ్‌ఫిష్ వారం తిరక్కుండా పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే, మీరు మేత తక్కువ వేయడం కాదు.

అపోహ: "అద్దాల పెట్టెలో చేప ఎన్నాళ్లు బతుకుతుందిలే."

జాతిని బట్టి. గ్రాండ్‌డాడ్ అనే ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్ 1933లో సిడ్నీ నుంచి షెడ్‌కి వచ్చి 2017 దాకా బతికింది. నీళ్లలో పడిన దుంగలా అడుగున కదలకుండా ఉండేది, అదే దాని తీరు. ఆ జాతికి మొప్పలతో పాటు ఒక ఊపిరితిత్తి కూడా ఉంటుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అలాగని అన్నిటినీ పెంచెయ్యొచ్చనుకోకండి. గ్రేట్ వైట్ షార్క్‌ని కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం వాళ్లు ఎంత శ్రమపడినా ఉంచగలిగింది 198 రోజులే, తర్వాత సముద్రంలో వదిలేశారు.

అపోహ: "అద్దం మీద కొడితే ఏమవుతుంది?"

శబ్దం గాలిలో కంటే నీళ్లలో నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది, మీరు కొట్టిన చప్పుడికి లోపల చేపలు బెదిరిపోతాయి. పిల్లలకి చెప్పండి, ప్లీజ్. పెద్దవాళ్లకి కూడా.

అపోహ: "నీళ్లలో ఒక నాణెం వేస్తే పోయేదేముంది?"

నికెల్ అనే ఆకుపచ్చ సముద్ర తాబేలు సంగతి వినండి. ఫ్లోరిడాలో పడవ దెబ్బ తిని 2003లో షెడ్‌కి చేరింది, ఆ గాయం వల్ల వెనక భాగం పైకి తేలిపోతుంది కాబట్టి తిరిగి సముద్రంలో వదల్లేరు. (చూసి "జబ్బు చేసింది, పట్టించుకోవట్లేదు" అనుకోకండి.) ఎక్స్‌రే తీస్తే గొంతులో అయిదు సెంట్ల నాణెం కనిపించింది, దాన్నే అమెరికాలో నికెల్ అంటారు, పేరు అలా వచ్చింది. గోదావరి బ్రిడ్జి మీది అలవాటు ఇక్కడొద్దు. ఆ నాణెంలో నాలుగింట మూడొంతులు రాగే, రొయ్యలకీ ఆక్టోపస్‌లకీ రాగి కొద్దిగా కరిగినా విషమే.